మందు మానేసి పద్నాలుగు నెలలు. ఇప్పుడు చిన్నప్పటివన్నీ పైకొస్తున్నాయి. నాయనని అడగాలా, వదిలేయాలా?

వైండింగ్_షాపు (రాత్రి 1:40)

నిద్ర పట్టక రాస్తున్నా. పొడుగైతే ఏమనుకోవద్దు.

నాకు నలభై ఏళ్లు. కావలి దగ్గర మోటార్ వైండింగ్ షాపు ఉంది. రొయ్యల గుంటల్లో ఏరేటర్ మోటార్లు కాలిపోతే నా దగ్గరికి తెస్తారు. పదిహేడేళ్లు తాగాను. అందులో చివరి ఆరేళ్లు పొద్దున్నే ఒక క్వార్టర్‌లో సగం పడితే గానీ చేతి వణుకు ఆగేది కాదు. మా పనిలో చుట్లు లెక్కపెట్టుకోవాలి. లెక్క తప్పితే మోటార్ వేడెక్కి మళ్లీ కాలుతుంది. చివర్లో ఒకే మోటార్ మూడుసార్లు తిరిగొచ్చింది. ఆ గుంటాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. మోటార్ ఆటోలో పెట్టించుకుని ఎదురుగా ఉన్న షాపుకి పోయాడు. నా కళ్ల ముందే. తిట్టి ఉంటే ఆ సాయంత్రం ఇంకో క్వార్టర్ తాగేవాణ్ణి. తిట్టలేదు కాబట్టే ఆస్పత్రికి పోయాననిపిస్తుంది.

పదకొండు రోజులు లోపల పెట్టారు. మూడో రోజు గోడ నిండా చీమలు కనిపించాయి. మా ఆవిడని చీపురు తెమ్మని అరిచానట. అదంతా గడిచింది. అప్పట్నుంచి బుధవారం, శనివారం ఆల్కహాలిక్స్ అనానిమస్ మీటింగుకి పోతున్నా, తాగుడు మానాలనుకునేవాళ్లంతా కలిసి కూర్చునేది. ఒక రిటైర్డ్ టీచర్ నాకు స్పాన్సర్, అంటే ముందే మానేసి నాకు దారి చూపించే మనిషి. పద్నాలుగు నెలల్లో ఒక్క స్లిప్ కూడా లేదు.

ఇప్పుడు అసలు సంగతి.

మా ఊరు ఉదయగిరి పక్క. మా నాయన సారాయి తాగేవాడు. రాత్రిపూట ఆయన సైకిల్ స్టాండు వేసే చప్పుడు బట్టి ఆ రాత్రి ఎట్లా ఉండబోతుందో నాకు తెలిసేది. ఒక్క తాపుకి స్టాండు పడితే పర్లేదు, అన్నం తిని పడుకుంటాడు. రెండు మూడుసార్లు జారితే నేను లేచి దొడ్డి తలుపు గడియ తీసి పెట్టేవాణ్ణి, అమ్మ పరిగెత్తడానికి. సైకిల్ పడిపోయిన చప్పుడైతే నేనే వెళ్లి వడ్ల గాదె వెనక కూర్చునేవాణ్ణి. ఆరేడేళ్ల పిల్లోడికి ఇది లెక్కల పాఠం.

1992లో మా నెల్లూరు జిల్లాలోనే దూబగుంట ఆడవాళ్లు సారా కొట్టు మూయించారని విని మా ఊళ్లోనూ కదిలారు. మా అమ్మ రాత్రిబడికి పోయి సంతకం నేర్చుకుంది. ఆ బళ్లోనే వాళ్లంతా కలిసి అనుకున్నారు. ఒకరోజు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని పోయి కొట్టుకి తాళం వేశారు. పేపరోళ్లు కూడా వచ్చారు. నేను అమ్మ చీర కొంగు పట్టుకుని నడిచా. నా జీవితంలో అంత గొప్పగా నడిచిన రోజు లేదు. ఆ రాత్రి సైకిల్ పడిపోయింది. మిగతాది రాయలేను. మరుసటి సంవత్సరం అక్టోబర్‌లో రాష్ట్రమంతా సారా ఆపేశారు, 1995 జనవరిలో మొత్తం మద్యనిషేధం వచ్చింది, 97లో ఎత్తేశారు. పుస్తకాల్లో అది చరిత్ర. మా ఇంట్లో మాత్రం నాయన వాసన మారింది, అంతే. ప్యాకెట్ సారాయి పోయి నాటు సారా వచ్చింది.

తాగినన్నాళ్లు ఇవేవీ గుర్తొచ్చేవి కావు. ఇప్పుడు రోజూ వస్తున్నాయి. రాత్రి పదకొండుకి వీధిలో ఎవరో బండి స్టాండు వేస్తే నాకు చెమటలు పడతాయి. గుంటల దగ్గర్నుంచి అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె గొంతులోకొస్తుంది. మా మీటింగుల్లో మానేసేవాళ్లకి పన్నెండు మెట్లుంటాయి. నాలుగో మెట్టు రాయమన్నారు మా స్పాన్సర్ సారు, అంటే మన కోపాలు, తప్పులు, భయాలు అన్నీ కాగితం మీద పెట్టాలి. బిల్లు బుక్కు వెనక మూడు పేజీలు రాశాను. మూడూ నాయన గురించే. పెన్ను మూసి బండెక్కితే నేరుగా బ్రాందీ షాపు ముందు ఆగాను. ఇరవై నిమిషాలు బండి మీదే కూర్చున్నా. సారుకి ఫోన్ చేస్తే ఆయన వచ్చి టీ తాగించి ఇంటికి పంపాడు.

ఇంకొకటి. పోయిన నెల పొద్దుగూకే వేళ ఇంటికొచ్చా. మందు లేదు, కోపం లేదు, చేతిలో జామకాయలు. బండి సైడ్ స్టాండు వేశా. లోపల మా పాప (ఎనిమిదేళ్లు) టీవీ ఆపేసి మా అమ్మ గదిలోకి పోవడం కిటికీలోంచి చూశా. దాన్ని నేనెప్పుడూ కొట్టలేదు. కానీ అది కూడా లెక్క నేర్చుకుంది.

మా నాయనకి 72. మూడేళ్ల కింద పక్షవాతం వచ్చింది, ఎడమ చెయ్యి లేవదు. నా దగ్గరే ఉంటాడు. ఊళ్లో అందరూ పెద్దాయనా అంటారు. ఆయన గోళ్లు నేనే తీస్తా. తీస్తూ తీస్తూ, ఆ చేతిని చూస్తూ, అడగాలనిపిస్తుంది. ఒక్కసారి.

ఈ తవ్వకం వల్ల మళ్లీ తాగుడులో పడతానా? ఆయన్ని అడగాలా వద్దా? మా షాపు పక్కతను నిద్రకి ఏవో మాత్రలిచ్చాడు, సగం వేసుకోమన్నాడు. ఇంకా వేసుకోలేదు.

—

తెనాలి_అక్క

తమ్ముడూ, ముందు ఆ మాత్రలు నీ జేబులోంచి తీసి మీ ఆవిడ చేతికివ్వు. తర్వాత చదువు.

నేను తాగేవాడి భార్యని. ఇరవై రెండేళ్లు. ఆయన మానేసి అయిదేళ్లయింది. మానేసిన మొదటి ఏడాది మా ఇంట్లో అన్నిటికంటే చెడ్డ ఏడాది, ఎవరూ నమ్మరు. తాగినన్నాళ్లు తాగుడే మా అందరికీ పని. ఎక్కడ దాచాడు, ఎంత అప్పు చేశాడు, ఎవరింటి ముందు పడ్డాడు. అది పోయేసరికి ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో ఒక్కొక్కళ్లకీ ఒక్కొక్కటీ గుర్తొచ్చింది.

మా పెద్దాడికి అప్పుడు పంతొమ్మిది. తండ్రితో మాట్లాడేవాడు కాదు. నేనేమో, మానేశాడు కదరా, మంచిగా మాట్లాడు అని వెంటపడేదాన్ని. ఒకరోజు వాడన్నాడు, "మానేసింది ఆయనమ్మా. గేటు చప్పుడైతే నాకింకా కడుపులో తిప్పుతూనే ఉంది." ఆ రోజు నుంచి వాణ్ణి బలవంతపెట్టడం మానుకున్నా. ఇది నేను చేసిన తప్పు కాబట్టి చెబుతున్నా.

మీ నాయన సంగతి నాకు తెలియదు. కానీ పాప సంగతి తెలుసు. దాన్ని కూర్చోబెట్టి పెద్ద పెద్ద మాటలు చెప్పకు, క్షమించమని ఏడవకు. నీ ఏడుపు మోసే వయసు కాదు దానిది. ఇంటికి వచ్చే ముందు ఫోన్ చెయ్యి, ఇదిగో పది నిమిషాల్లో వస్తున్నా, జామకాయలు తెస్తున్నా అని. చెప్పిన టైముకే రా. అంతే. రోజూ. మా ఇంట్లో ఇది ఎనిమిది నెలలు పట్టింది.

మీ అమ్మ గురించి నువ్వు రాసింది తక్కువ. కొట్టుకి తాళం వేసిన మనిషి ఆ ఇంట్లోనే, ఆ మనిషి పక్క గదిలోనే ఉంది. ఆమెకి నిద్ర పడుతుందో లేదో అడిగావా?

—

సనాతన_బాట

బాబూ, పితృదేవోభవ అన్నారు. మంచాన పడ్డ తండ్రిని నిలదీయడం ఏం సంస్కారం? ఆ రోజుల్లో ఎవరు తాగలేదు, ఎవరు కొట్టలేదు? మేమంతా దెబ్బలు తినే పెరిగాం, బాగానే ఉన్నాం. ఈ ట్రామా, గీమా అన్నీ సెల్‌ఫోన్లలో వచ్చిన జబ్బులు. నలభై రోజులు దీక్ష తీసుకో, మనసు కుదుటపడుతుంది. క్షమించేస్తే సరిపోతుంది.

—

వైండింగ్_షాపు

అక్కా, మాత్రలు ఇచ్చేశా. అమ్మని అడగలేదు నిజమే. రాసినప్పుడు కూడా తోచలేదు.

బాట గారూ, మాల నాలుగుసార్లు వేశాను. దీక్ష నలభై ఒక్క రోజులు చుక్క ముట్టలేదు. మాల తీసిన సాయంత్రం గుడి ఎదురు సందులోనే తాగాను. దేవుడిది తప్పని అనను. మీరు దెబ్బలు తిని బాగానే ఉన్నారు, సంతోషం. నేను బాగాలేను, అందుకే అడిగా.

—

వార్డు_సిస్టర్

అన్నా, నేను తెలంగాణలో ఒక జిల్లా ఆస్పత్రిలో నర్సుని, పద్నాలుగేళ్లుగా డీ-అడిక్షన్ వార్డులోనే. డాక్టర్ని కాదు. చూసింది, చదివింది చెబుతా.

ఆ మాత్రల పేరు ఆల్ప్రజోలం అయ్యుంటుందని నా అనుమానం. ఎక్కువ మంది చేతులు మారేది అదే. మద్యం పని చేసే చోటే మెదడులో అదీ పని చేస్తది. మందు మానినోడికి ఊరికే అలవాటైతది. మా దగ్గర కల్లులో ఇదే కలుపుతరు. కల్లు దుకాణం రెండు రోజులు బందైతే చాలు, ఫిట్స్‌తో, భ్రమలతో వార్డు నిండిపోతది. వాళ్లంతా మేం కల్లే కదా తాగేది అంటరు. కాబట్టి నిద్ర కోసం సైకియాట్రిస్టు దగ్గరికే పోవాలె, పోయినప్పుడు "నేను ఆల్కహాలిక్‌ని" అని మొదటి మాటే చెప్పాలె. అలవాటు కాని మందులు వాళ్ల దగ్గర ఉంటయి. మందు మీది యావ తగ్గించడానికి నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ లాంటివి కూడా ఉన్నయి. లివర్ చూసి, మిగతా మందులు చూసి వాళ్లే రాస్తరు.

ఇది చదివే ఇంకెవరైనా ఉంటే వాళ్ల కోసం రెండు మాటలు. రోజూ బాగా తాగేటోళ్లు ఇంట్లో ఒక్కసారిగా ఆపొద్దు. అన్నకి మూడో రోజు చీమలు కనబడ్డయి కదా, ఆఖరి గ్లాసు తర్వాత రెండు నుంచి నాలుగు రోజుల మధ్య అదే ప్రాణం మీదికి వచ్చే సమయం. ఇంకోటి, భర్తకి చెప్పకుండా కూరలో మందు మాన్పించే బిళ్లలు కలిపే ఆడవాళ్లు చాలామంది వస్తరు. ఆ బిళ్ల, డైసల్ఫిరామ్ అంటరు, కడుపులో ఉండగా మనిషి మందు తాగితే బీపీ పడిపోయి చచ్చిపోయే ప్రమాదం ఉంది. దయచేసి ఆ పని చేయొద్దు.

ఇక నీ ప్రశ్న. చిన్నప్పటివి మానినంకనే ఎందుకు వస్తున్నయి అని. అమెరికాలో శాన్‌డియాగోలో ఫెలిట్టి అనే డాక్టర్ 1980లలో లావు తగ్గించే క్లినిక్ నడిపేటోడు. బరువు బాగా తగ్గుతున్న వాళ్లే మధ్యలో మానేసి పోవడం చూసి ఆశ్చర్యపోయి, కూర్చోబెట్టి అడిగిండు. చాలామందికి చిన్నప్పుడు ఘోరాలు జరిగినయి, ఆ లావు వాళ్లకి కవచం లాంటిది. ఆయనకి రోగంలా కనబడింది వాళ్లకి రక్షణ. తర్వాత ఆయన, ఆండా అనే ఇంకో డాక్టర్ కలిసి తొమ్మిదిన్నర వేల మందిని అడిగి 1998లో అచ్చు వేసిండ్రు. ఇంట్లో కొట్టుడు, తల్లిని కొడుతుంటే చూసుడు, తాగుబోతు ఇంట్లో పెరుగుడు, ఇలాంటివి నాలుగు రకాలు లేదా అంతకన్నా ఎక్కువ చూసినోళ్లకి, ఏమీ చూడనోళ్లకన్నా మద్యం వ్యసనం, డ్రగ్స్, డిప్రెషన్, ఆత్మహత్య ప్రయత్నం ముప్పు నాలుగు నుంచి పన్నెండు రెట్లు ఎక్కువ ఉందని తేలింది. అంటే అందరూ తాగుతరని కాదు. చిన్నప్పుడు దెబ్బలు తిన్నా బాగానే ఉన్నోళ్లు ఉంటరు, పైన పెద్దమనిషి చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆయన ఒక్కడిని చూసి లెక్క కట్టలేం.

నీ విషయంలో మద్యం నీకు రోగమే, అదే నీకు మందు కూడా. సైకిల్ చప్పుడు వినబడకుండా పదిహేడేళ్లు చెవుల్లో పోసుకున్నవు. అది తీసేసినంక చప్పుడు వినబడుతుంది. పిచ్చి ఎక్కలేదు. వెనక్కి పోతలేవు.

అయితే తవ్వే పద్ధతి ఉంటది. ఒక్కడివే, రాత్రిపూట, మూడు పేజీలు, పక్కన ఎవరూ లేకుండా, అది నాకు భయం. ఇలాంటి జ్ఞాపకాలకి చేసే చికిత్సలు ఉన్నయి, జ్ఞాపకాన్ని చిన్న మోతాదులో తీసి చూసి మళ్లీ మూసే పద్ధతులు. ఇ.ఎం.డి.ఆర్. అని ఒకటి, కళ్లు అటూ ఇటూ కదిలిస్తూ ఆ జ్ఞాపకాన్ని చూసేది. ట్రామా, అంటే మనసుకి తగిలిన గాయం మీద చేసే సి.బి.టి. అని ఇంకోటి, మాటలతో ఆలోచనలు, అలవాట్లు మార్చేది. రెండింటినీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసింది. మంచి థెరపిస్టు మొదటి రోజే గాదె వెనక ఏం జరిగిందో చెప్పు అనడు. ముందు ఊపిరి, నిద్ర, చెమటలు పట్టినప్పుడు ఏం చేయాలె అనేది నేర్పుతడు. పోయేముందు ఆయనకి ఆర్.సి.ఐ. (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) రిజిస్ట్రేషన్ ఉందా అని అడుగు, అడగడంలో తప్పు లేదు. వారాంతం కోర్సు చేసి బోర్డు పెట్టినోళ్లు చాలామంది ఉన్నరు.

ఎవరూ దొరకకపోతే, అర్ధరాత్రి భరించలేకపోతే, చచ్చిపోదామనిపిస్తే మరీ ముఖ్యంగా, 14416కి ఫోన్ చెయ్యి, టెలి మానస్ అని మనసు బాధలకి సర్కారు నడిపే హెల్ప్‌లైన్. తెలుగులో మాట్లాడుతరు, పైసలు లేవు, రాత్రంతా ఉంటరు. మందు, డ్రగ్స్ గురించి మాత్రమే అయితే 14446.

నాలుగో మెట్టు ఆపమని నేను అనను, అది మీ సారుకీ నీకూ మధ్య విషయం. పగటిపూట రాయి అని మాత్రం చెబుతా. అన్నం తిని రాయి.

—

గోదారి_లారీ

మెసేజ్ చూసి రెండ్రోజులు రాయాలా వద్దా అనుకున్నానండి. రాజమండ్రి మాది, రెండు లారీలు. మానేసి తొమ్మిదేళ్లు, మధ్యలో పదకొండు రోజులు జారాను. ఆ పదకొండు రోజుల కథే మీకు పనికొస్తుందేమోనని.

మా నాన్నగారు కల్లూ, బ్రాందీ అన్నీను. బెల్టు ఉండేదండి ఆయనకి, ఇత్తడి బకిల్. ఆ బకిల్ మీద సింహం బొమ్మ. వీపు మీద సింహం పడేది, తమ్ముడూ నేనూ అద్దంలో చూసుకుని నవ్వుకునేవాళ్లం, ఎవరిది బాగా అచ్చు పడిందని. ఇది చెబితే మీటింగులో ఎవరూ నవ్వలేదు. అప్పుడు గానీ నాకు తెలియలేదండి అది నవ్వే సంగతి కాదని.

నేను అడిగాను. మానేసిన రెండో ఏడు, సంక్రాంతికి, భోగి రాత్రి, అందరూ ఉండగా. తప్పే. అడిగింది తప్పు కాదు, ఆ రాత్రి అడగడం తప్పు. ఆయన నా మొహం చూసి "నేను ఎప్పుడు కొట్టానురా నిన్ను?" అన్నారు. నటించలేదండి. ఆయన కళ్లలోకి చూశాను, నిజంగానే లేదు ఆయన దగ్గర. బ్లాకౌట్ అంటారు కదండీ, ఒళ్లు తెలియకుండా పడిపోవడం కాదు, మనిషి నడుస్తాడు, మాట్లాడతాడు, కొడతాడు, మెదడు మాత్రం దాచుకోదు. నాకూ ఉన్నాయి. మా ఆవిడ చెప్పింది, ఒకసారి నేను నా కూతురి పుట్టినరోజు కేకు కిటికీలోంచి పారేశానని. నా దగ్గర ఆ రోజే లేదు.

నాకు గుర్తుండిపోయింది, ఆయనకి అసలు జరగనే లేదు. కోపం ఎక్కడ పెట్టాలో తెలియలేదండి. కనుమ నాడు తాగాను. పదకొండు రోజులు. రెండేళ్ల తర్వాత ఆయన పోయారు. ఏమీ చెప్పలేదు. చెప్పడానికి ఆయన దగ్గర ఏమీ లేదు కదా.

అందుకని అడగద్దని అననండి. అడిగేముందు ఒకటి చూసుకోండి. ఆయన "నాకు గుర్తులేదు" అంటే ఆ రాత్రి మీరు ఎక్కడ పడుకుంటారు, ఎవరికి ఫోన్ చేస్తారు? దానికి జవాబు ఉంటే అడగండి. ఆయన జవాబు మీద మీ ఆ రాత్రి ఆధారపడి ఉంటే ఆగండి.

నేను తర్వాత ఒక ఉత్తరం రాశానండి నాన్నగారికి, పోస్టు చేయనిది. మా స్పాన్సర్‌కి చదివి వినిపించాను, లారీ క్యాబిన్‌లో కూర్చుని, ధవళేశ్వరం దగ్గర. చదివి చింపలేదు, తగలబెట్టలేదు. డాష్‌బోర్డులో ఇన్సూరెన్సు కాగితాలతో పాటు ఉంది. ఎందుకుంచానో అడక్కండి.

ఆకలి, కోపం, ఒంటరితనం, అలసట. మీటింగుల్లో చెప్పే ఈ నాలుగూ మీ ప్రశ్నలో ఉన్నాయండి, రాత్రి 1:40కి. ముందు నిద్ర సంగతి చూడండి.

—

వైండింగ్_షాపు

లారీ అన్నా, సింహం బొమ్మ చదివి షాపులో కూర్చుని నవ్వా, తర్వాత షట్టర్ సగం దించుకోవాల్సొచ్చింది.

బ్లాకౌట్ సంగతి నాకు తట్టనే లేదు. ఆయన మరిచిపోయినట్టు నటిస్తున్నాడనే ఇన్నాళ్లు అనుకున్నా. నాకే రెండు పెళ్లిళ్లు గుర్తులేవు, నా చెల్లెలిది ఒకటి. ఫోటోల్లో ఉన్నాను.

సిస్టర్, మాత్రలు మీరన్నవే. మా ఆవిడ పేరు చదివి చెప్పింది. నెల్లూరులో ఒక సైకియాట్రిస్టుకి అపాయింట్‌మెంట్ తీసుకున్నా. మళ్లీ వచ్చి చెబుతా.

—

వైండింగ్_షాపు (అయిదు వారాల తర్వాత)

చెబుతానన్నా కదా.

డాక్టరు నిద్రకి అలవాటు కానిది రాశాడు, పని చేస్తోంది, పొద్దున నోరు మాత్రం ఎండిపోతుంది. ఆయనే ఒక సైకాలజిస్ట్ దగ్గరికి పంపాడు. ఆడమనిషి, నాకంటే చిన్నది. మొదటిరోజు నాయన గురించి ఒక్క ముక్క అడగలేదు. స్టాండు చప్పుడు విన్నప్పుడు ఒంట్లో మొదట ఎక్కడ తెలుస్తుంది అని అడిగింది. ఇదేం ప్రశ్న అనుకున్నా. ఆలోచిస్తే దవడలో. పళ్లు బిగుసుకుంటాయి, చెమట తర్వాతే. ఇప్పుడు దవడ బిగిసినప్పుడే లేచి పంపు దగ్గరికి పోయి మొహం కడుక్కుంటున్నా, గదిలో ఉన్న అయిదు వస్తువుల పేర్లు పైకి చెప్పుకుంటున్నా. వార్నిష్ డబ్బా, మల్టీమీటర్, క్యాలెండర్... షాపులో కుర్రోడు నాకు మళ్లీ మొదలైందనుకున్నాడు. వాడికి చెప్పా.

పాప విషయం. తెనాలి అక్క చెప్పినట్టు ఫోన్ చేస్తున్నా. మొదటి రెండు వారాలు "ఊ" అని పెట్టేసేది. ఒకరోజు చెప్పిన టైముకి రాలేకపోయా, గుంట దగ్గర మోటార్ ఊడదీయడం ఆలస్యమైంది. మళ్లీ ఫోన్ చేసి ఇరవై నిమిషాలు లేటు అన్నా. "సరే, స్కేల్ తీసుకురా, ముప్పై సెంటీమీటర్లది" అంది. స్కేల్ తీసుకెళ్లా. పదిహేనుది దొరికింది, దానికి తిట్లు తిన్నా. ఇప్పుడు స్టాండు వేస్తే టీవీ ఆగడం లేదు. ఎప్పుడో ఒకసారి ఆగుతుంది.

నాయనని అడగలేదు. అడుగుతానో లేదో తెలియదు. గోళ్లు తీయడం మాత్రం కొన్నాళ్లు మా బావమరిదికి అప్పజెప్పా. ఆ పని చేసిన రాత్రులే నాకు నిద్ర ఉండటం లేదని సైకాలజిస్ట్ కాగితం మీద లెక్క రాయించాక తెలిసింది. మంచి కొడుకు అనిపించుకోవడానికి అది ఒక్కటే దారి కాదట. నాకు ఇంకా తప్పు చేసినట్టే ఉంది, కానీ బావమరిది నాకంటే బాగా తీస్తాడు, నాయనతో సినిమా కబుర్లు చెబుతూ.

అమ్మని అడిగా. నిద్ర పడుతుందా అని. "ఇప్పుడెందుకురా అవన్నీ" అని లేచి పోయింది. రెండ్రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అడగకుండా ఉండాల్సిందనుకున్నా. మూడో రోజు మధ్యాహ్నం షాపుకి వచ్చింది, ఒక సంచీ ఎండుమిరపకాయలతో. ఇంట్లో కూర్చుని తొడిమెలు తీయొచ్చు కదా అన్నా. ఇక్కడ ఫ్యాను బాగుందంది. తొడిమెలు తీస్తూ, నా వైపు చూడకుండా మొదలుపెట్టింది. గంటకి పైనే చెప్పింది. కొట్టుకి తాళం వేసిన రోజు గురించి. ఆ రాత్రి తను దొడ్డి తలుపు గుండా పారిపోలేదంట. తలుపు గడియ తీసే ఉందని చూసి, ఇది పిల్లోడు తీశాడని తెలిసి, నేను ఎక్కడున్నానో తెలియక ఇంట్లోనే ఉండిపోయిందంట. నన్ను వెతుకుతూ.

నేను ముప్పై ఏళ్లకి పైగా అనుకుంటున్నా, నేను గడియ తీయడం వల్ల అమ్మ ఆ రాత్రి తప్పించుకుందని. నాకు గొప్పగా మిగిలింది అదొక్కటే. ఇప్పుడేమో నా వల్లే ఆగింది. రెండు రోజులు అదే తిరిగింది బుర్రలో. బ్రాందీ షాపు వైపు పోలేదు, సారు ఇంటికి పోయా. ఆయన భార్య ఉప్మా పెట్టింది. సారు ఏమీ వివరించలేదు, "అమ్మకి ఈ మాట చెప్పావా?" అన్నాడు.

చెప్పా. అమ్మ కొంచెంసేపు ఊరుకుని, "నీకు ఏడేళ్లురా" అంది. మిరపకాయల సంచీ మూతి కట్టి, ఆటో పిలవమంది.

మంగళవారం మూడోసారి పోవాలి సైకాలజిస్ట్ దగ్గరికి. కావలిలో ఏడున్నర బస్సు ఎక్కితే టైముకి అందుకుంటా. గుంటల సీజను, షాపు ఒక పూట మూయడం కష్టమే, కుర్రోడికి చుట్లు లెక్కపెట్టడం నేర్పుతున్నా. సిస్టర్, ఆ మూడు పేజీలు పక్కనపెట్టి నాలుగో మెట్టు మళ్లీ మొదలుపెట్టా, అన్నం తిన్నాక, పగలు, షాపులో. ఈసారి నాయన గురించి సగం పేజీయే వచ్చింది. మిగతాదంతా నా పేరే ఉంది.